డిస్కుకి మూడు వైద్యాలు

ఆ ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళకి మెట్ల కింద గది ఇచ్చారు. కిటికీ లేదు. ఉన్న ఏసీ సర్వర్ల కోసమే గానీ మనుషుల కోసం కాదు కాబట్టి మండుటెండల్లో కూడా లోపల స్వెట్టర్లు వేసుకుని కూర్చోవాలి. పై అంతస్తుల వాళ్ళకి వీళ్ళు గుర్తొచ్చేది కొంప మునిగినప్పుడే. పాస్‌వర్డు మర్చిపోయినా వీళ్ళదే తప్పు, ప్లగ్గు ఊడిపోయినా వీళ్ళదే తప్పు. పని అయ్యాక ఒక్క మంచి మాట అనే పాపాన ఎవరూ పోరు. అలాంటి చోట కూర్చున్నవాళ్ళు జోకులు వేసుకోకపోతే ఏమైపోతారు చెప్పండి? పిచ్చెక్కి పోతారు.

గదిలో ఉండేది ముగ్గురు. ప్రింటర్ల బాధలు చూసే ఆవిడని అందరూ ప్రింటరమ్మ అంటారు. వైర్లు, ఇంటర్‌నెట్టు చూసేవాణ్ణి కేబులన్న అంటారు. మూడోవాడు డాక్టరు. చదువుకున్న డాక్టరేం కాదు, చావుబతుకుల్లో ఉన్న హార్డ్ డిస్కుల్లోంచి ఫైళ్ళు బయటికి లాగడంలో చెయ్యి తిరిగినవాడు, అందుకని ఆ పేరు. ఆ పేరంటే అతనికి లోలోపల మహా ఇష్టం.

హార్డ్ డిస్కు పోయే ముందు చప్పుడు చేస్తుంది. టిక్కు, టిక్కు, కాసేపాగి మళ్ళీ టిక్కు. లోపల అద్దంలాంటి పళ్ళెం ఒకటి గిర్రున తిరుగుతూ ఉంటుంది, దానికి తగలకుండా పైన ఒక సూది తేలుతూ చదువుతూ ఉంటుంది. సూది పాడైతే పళ్ళేన్ని గీరుతుంది. గీరినచోట ఏమున్నా ఇంక అంతే సంగతులు. అందుకని ఆ చప్పుడు వినగానే చెయ్యాల్సింది ఒక్కటే: స్విచ్ ఆపెయ్యాలి, ముట్టుకోకూడదు. ఇది ఆ గదిలో ఎవర్ని నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

ఆ గదిలో ఒక ఆట ఉంది. ఎవరైనా ఫోన్ చేసి డిస్కు టిక్కుమంటోందంటే చాలు, ఫోను స్పీకర్లో పెట్టాలి. ముఖం గంభీరంగా పెట్టి మూడు వైద్యాలు చెప్పాలి, ఎంత వింతగా ఉంటే అంత గొప్ప. పక్కవాళ్ళు నవ్వు ఆపుకోవాలి. ముందు నవ్వినవాళ్ళు అందరికీ టీ తేవాలి. ఒకసారి లెక్కలు చూసే పెద్దాయనకి, "దాంతో నాలుగు మంచి మాటలు మాట్లాడండి సార్, బెదిరిపోయి ఉంటుంది" అన్నారు. ఆయన పాపం నిజంగానే కంప్యూటరు మీదికి వంగి, "ఏమ్మా, ఏమైందమ్మా నీకు" అని బుజ్జగించాడు. ప్రింటరమ్మ కుర్చీలోంచి జారి కింద పడిపోయింది. తర్వాత ఆయనే ఆ సంగతి ఆఫీసంతా తిరిగి చెప్పుకుని నవ్వాడు.

అయితే ఆటకో కట్టుబాటు ఉండేది. నవ్వు అయిపోగానే అసలు మాట చెప్పేయాలి. "ఊరికే సరదాకన్నాం. ముందు స్విచ్ ఆపండి, ముట్టుకోకండి, వస్తున్నాం." ఈ మాట చెప్పకుండా ఫోను పెట్టేసిన రోజు అంతవరకూ లేదు.

ఇక డాక్టరు ఇంటి సంగతి. అతనికి ఒక అక్క ఉంది. చిన్నపిల్లల బడిలో టీచరు. ఏం గొంతు అది! బడి వెనక పిల్లవాడు మట్టి నోట్లో పెట్టుకుంటుంటే, ముందు గేటు దగ్గర్నుంచి "ఒరేయ్!" అని ఒక్క కేక వేసేది, వాడు మింగబోయింది కాస్తా ఉమ్మేసేవాడు. తమ్ముణ్ణి తిట్టడం మొదలుపెట్టిందంటే వీధి వీధంతా వినేది. తిట్టి తిట్టి, ఆయాసం తీర్చుకుని, "ఏం చూస్తున్నావు, కాళ్ళు కడుక్కుని రా, తిందువుగాని" అనేది. అమ్మ పోయాక అతణ్ణి పెంచింది ఆ గొంతే అని చెప్పాలి.

ఆ గొంతులోనే గడ్డ లేచింది. కోసి తియ్యాలన్నారు. గడ్డతో పాటు స్వరపేటిక కూడా తీసెయ్యాలి, మెడ దగ్గర చిల్లు పెడతాం, ఊపిరి అందులోంచే, ఇంక మాట రాదు అన్నారు. అయితే స్పీచ్ థెరపిస్టు ఒకావిడ మంచి మాట చెప్పింది. ఆపరేషనుకి ముందే మీ గొంతుతో వీలైనన్ని మాటలు రికార్డు చేసిపెట్టుకోండి, వాటితో ఒక మిషన్‌లో మీ గొంతు తయారుచేస్తాం, మీరు టైపు చేస్తే అది మీలాగే మాట్లాడుతుంది అని. అక్క నొప్పి ఓర్చుకుంటూ, నీళ్ళు గుటక వేసుకుంటూ, రోజూ కూర్చుని చదివింది. థెరపిస్టు ఇచ్చిన వాక్యాలు చదివింది. తర్వాత సొంతంగా పిల్లల్ని పిలిచే పిలుపులు, మొగుణ్ణి విసుక్కునే విసుగులు, తమ్ముణ్ణి తిట్టే తిట్లు కూడా చేర్చింది. "ఇవి లేకుండా నేనెలా బతకనురా" అని నవ్వింది.

ఇంకో చోట కూడా ఒక కాపీ పెట్టుకోమని థెరపిస్టు మరీ మరీ చెప్పింది. "దానికేముందక్కా, నేను చేస్తాగా, ఆదివారం వస్తా" అన్నాడు డాక్టరు. ఆ ఆదివారం కుదరలేదు. పై ఆదివారం ఒళ్ళు బద్ధకించింది. తర్వాత ఆపరేషను హడావుడి. ఆఫీసులో కనపడ్డవాళ్ళందరికీ కాపీ పెట్టుకోండి, కాపీ పెట్టుకోండి అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు, సొంత అక్క దగ్గరికొచ్చేసరికి చేతులు దులుపుకున్నాడు. తను ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి కదా, అది కొత్తదే కదా, తొందరేముంది అనుకున్నాడు.

అతనికి తెలియనిదేమిటంటే ఆ ల్యాప్‌టాప్ నిండిపోయింది. బావ వాటన్నిటినీ ఇంట్లో పాత పెద్ద కంప్యూటర్లోకి మార్చి, ల్యాప్‌టాప్‌లోవి తీసేశాడు. బావ వడ్రంగి. బల్ల మీద కదలకుండా ఉండే పెద్ద వస్తువు భద్రం, సంచీలో తిరిగే పల్చటి వస్తువు పోతుంది అని ఆయన లెక్క. ఆ లెక్కని తప్పుపట్టడానికి లేదు, ఆయన చేసే పనిలో అది నిజమే.

ఆపరేషను బాగానే అయింది, అక్క ఇంటికొచ్చింది. ఆ రికార్డులు పట్టుకు రండి, మిషన్ మొదలుపెడదాం అని థెరపిస్టు కబురు చేసింది. బావ వెళ్ళి పాత కంప్యూటరు ఆన్ చేశాడు. టిక్కు, టిక్కు.

ఆయన చేసిన మొదటి పని బామ్మర్దికి ఫోన్ చెయ్యడం.

"ఏరా బామ్మర్దీ, పనిలో ఉన్నావా?"

"నీకు ఎప్పుడూ ఖాళీనే బావా. చెప్పు."

"మన పాత కంప్యూటరు లేదూ, అది టిక్కు టిక్కుమంటోందిరా. ఆన్ అవుతుంది, ఆగిపోతుంది. మరేం లేదు, అందులో..."

టిక్కు అన్న మాట వినగానే కేబులన్న చెయ్యి ఊపాడు, స్పీకర్లో పెట్టు, పెట్టు అని. ప్రింటరమ్మ అప్పుడే నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. పాత కంప్యూటర్లో ఏముంటాయి, బావ చేసిన బీరువాల ఫొటోలు, ఎప్పటివో సినిమాలు. డాక్టరు స్పీకరు నొక్కాడు.

"బావా, అదంతా తర్వాత. ఇది కాస్త సీరియస్ కేసు. ముందు చెప్పింది రాసుకో."

"ఉండుండు. పెన్సిలు చెవి మీదే ఉంది."

కేబులన్న బల్ల కిందికి తల దూర్చేశాడు.

"ఒకటి. దానికి బాగా వేడి చేసింది బావా. డిస్కు ఊడదీసి, కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టు."

"ఎంతసేపురా?"

"పైన చెయ్యి పెడితే జివ్వుమనాలి. రెండు. బయటికి తీశాక చెక్క సుత్తితో వీపు మీద రెండు దెబ్బలు. మరీ గట్టిగా కాదు, పిల్లలకి పొలమారితే తడతాం చూడు, అలా."

"చెక్క సుత్తి... చిన్నగా... ఊఁ, మూడోది?"

"అప్పటికీ దారికి రాకపోతే బోర్లా పడుకోబెట్టి ఆన్ చేస్తూనే ఉండు. వదిలిపెట్టకు. నువ్వు విసిగిపోతావో అది విసిగిపోతుందో తేల్చుకో."

ప్రింటరమ్మ పగలబడి నవ్వింది. కేబులన్న బల్ల కింద తల కొట్టుకుని, "టీ! టీ నీదే!" అని అరిచాడు. అంత మంచి ఆట ఆ గదిలో ఎన్నాళ్ళుగానో పడలేదు. డాక్టరు కూడా పొట్ట పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు. పైన మీటింగు హాల్లో తెర మీద బొమ్మ రావడం లేదు, బయటి కంపెనీవాళ్ళు వచ్చి కూర్చున్నారు, ఇక్కడేమో మీకు ఇకఇకలూ పకపకలూనా అని ముగ్గురినీ కడిగిపారేశాడు. "బావా, తర్వాత చేస్తా" అని డాక్టరు ఫోను పెట్టేసి మెట్ల మీదికి పరిగెత్తాడు.

హాల్లో వైరు వదులైంది, అంతే. దాన్ని బిగించి కిందికొచ్చేసరికి ఇంకెవరి గొడవో ఎదురొచ్చింది. అసలు మాట అలా ఉండిపోయింది.

ఇంటికెళ్ళే దారిలో గుర్తు రాలేదా అంటే వచ్చింది. బస్సులో నిలబడి ఉండగా వచ్చింది. ఫోను తీద్దామంటే ఒక చేతిలో సంచీ, ఒక చేతిలో కడ్డీ. బావ మరీ అంత అమాయకుడా, జోకని ఈపాటికి తెలిసే ఉంటుందిలే, తెలియకపోతే మళ్ళీ తనే ఫోన్ చేస్తాడు అనుకున్నాడు. ఆ అనుకోవడమే, చూడండి, కొంప ముంచింది. బావ ఎందుకు ఫోన్ చేస్తాడు? ఆయనకి మూడు వైద్యాలు చేతిలో ఉన్నాయి.

ఆదివారం ఎట్టకేలకు డాక్టరు కొత్త డిస్కు ఒకటి జేబులో వేసుకుని అక్క ఇంటికి వెళ్ళాడు, కాపీ చేసేద్దామని. అక్క లోపల నిద్రపోతోంది. ముందు గదిలో బావ పాత కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగిపోయింది. పక్కన చెక్క సుత్తి, తడి కవరు. గోడకి ఆనించిన ప్లైవుడ్ ముక్క మీద పెన్సిలుతో ఒకటి, రెండు, మూడు అని గుండ్రటి అక్షరాలు. డిస్కు బోర్లా పడుకుని ఉంది. టిక్కు కూడా అనడం లేదు, గరగరమని కంకర మీద ఇనప బకెట్టు ఈడ్చినట్టు మోగుతోంది.

"వచ్చావురా. నువ్వు చెప్పినట్టే చేస్తున్నా. మూడోదాంట్లో ఉన్నా. పొద్దున్నించీ వదిలిపెట్టలేదు."

డాక్టరు ఒక్క అంగలో వెళ్ళి ప్లగ్గు పీకేశాడు.

"ఏరా, అప్పుడే ఆపేశావు?"

"ఇందులో ఏమున్నాయి బావా?"

"అక్క గొంతురా. మొత్తం ఇందులోనే పెట్టా. ఆ రోజు చెప్పబోతుంటే నువ్వే అదంతా తర్వాత, ముందు రాసుకో అన్నావు కదా."

డాక్టరు రంపపు పొట్టు పడి ఉన్న నేల మీదే చతికిలబడ్డాడు. పాపిష్టి నోరు, పాపిష్టి నోరు అని లోపల వెయ్యిసార్లు అనుకున్నాడు. పైకి మాత్రం డిస్కుని తువ్వాల్లో చుట్టుకుని, నేను చూస్తాలే బావా అని బయటపడ్డాడు.

చచ్చిన డిస్కుల్ని తెరిచి చూసే దుకాణం ఒకటుంది, అతనికి తెలిసిన చోటే. దుకాణంవాడు తెల్ల తొడుగులు వేసుకుని, అద్దాల పెట్టెలో పెట్టి మూత విప్పాడు. పళ్ళెం మీద గుండ్రంగా గాడి పడింది. లోపలంతా నల్లటి పొడి. అంచున చెమ్మ మరక.

దుకాణంవాడు పగలబడి నవ్వాడు. "గురూ, దీన్ని ఎవరో కొట్టారు. ఫ్రిజ్‌లో కూడా పెట్టినట్టున్నారే! ఏ మహానుభావుడు చెప్పాడో గానీ కాళ్ళకి దండం పెట్టాలి."

డాక్టరు నవ్వాడు. ఏం చేస్తాడు మరి? ఆ జోకుకి నవ్వకుండా ఉండడం అతనికి ఎప్పుడూ అలవాటు లేదు.

"టిక్కుమన్న రోజే ఆపేసి తెచ్చుంటే మొత్తం వచ్చేసేది" అన్నాడు దుకాణంవాడు మూత బిగిస్తూ. "ఇప్పుడు ఏమీ రాదు. గాడిలోంచి ఏం తీస్తాం?"

డాక్టరు ల్యాప్‌టాప్‌ని కూడా తిరగేసి బోర్లేసి వెతికాడు. తీసేసినవాటి మీద బావ వేరే బొమ్మలు ఎక్కించాడు, అందులోనూ ఏం మిగల్లేదు. ఆఫీసులో ఇద్దరికీ చెప్పాడు. ప్రింటరమ్మ అక్కడికక్కడే ఏడ్చేసింది. కేబులన్న తన తల తనే కొట్టుకున్నాడు. స్పీకర్లో పెట్టమన్నది నేనే కదా అన్నాడు. ఆ గదిలో ఆ ఆట మళ్ళీ ఆడలేదు. అయితే మాత్రం ఏం లాభం?

రికార్డులు పోయాయని అక్కకి బావే చెప్పాడు. ఎలా చెప్పాడంటే, తప్పంతా తన మీద వేసుకుని చెప్పాడు. వాడు చిన్నగా తట్టమన్నాడు, నాది కర్ర మీద పడే చెయ్యి, దెబ్బ గట్టిగా పడిపోయి ఉంటుంది అన్నాడు. డాక్టరు ఆ పక్కనే ఉన్నాడు. ఆ మాట వినగానే అతని గుండెల మీద బరువు కాస్త దిగింది. సిగ్గుచేటు, నిజమే, కానీ దిగింది. నోరు విప్పకుండా ఇంటికి పోయాడు. ఆ తర్వాత కూడా వెళ్ళినప్పుడల్లా బావ అదే పాట. ఫ్రీజర్లో చాలినంతసేపు ఉంచానో లేదో. కవరుకి చిల్లు ఉందేమో చూసుకోలేదు. సుత్తి మార్చాల్సింది. మనిషి చేతిపని మీద నమ్మకం పోయి, చేస్తున్న తలుపుల పని కూడా వేరేవాళ్ళకి అప్పజెప్పేశాడు.

థెరపిస్టు మాత్రం ఏం చేస్తుంది? మిషన్‌లో రెడీగా ఉండే ఆడగొంతు ఒకటి పెట్టి ఇచ్చింది. తియ్యటి గొంతు. ఏ కంపెనీకి ఫోన్ చేసినా, దయచేసి లైన్లో ఉండండి అంటుందే, అలాంటి గొంతు. అది వచ్చిన రోజు సాయంత్రం డాక్టరు వెళ్ళేసరికి అక్క మంచం మీద కూర్చుని ఉంది, మెడకి పల్చటి గుడ్డ, ఒళ్ళో మిషను. బావ కింద కూర్చుని ఆమె మోకాలి మీద చెయ్యి వేసి మళ్ళీ అదే చెప్తున్నాడు. "నా చేతులు విరగా, ఇంకొంచెం మెల్లిగా కొట్టి ఉంటే నీ గొంతు నీకు ఉండేదే." ఈసారి ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

ఇంక డాక్టరు వల్ల కాలేదు.

"బావా, అది వైద్యం కాదు."

"ఏది?"

"మూడూ. ఊరికే జోకుకి చెప్పాను. ఎవరూ అలా చెయ్యరు. చెయ్యకూడదు. ఫోను స్పీకర్లో పెట్టి, పక్కవాళ్ళు నవ్వాలని చెప్పాను. నీ చేతిలో ఏ తప్పూ లేదు. నువ్వు ఎంత మెల్లిగా కొట్టినా పోయేదే."

బావకి వెంటనే ఎక్కలేదు. "నేను రాసుకున్నాను కదరా" అన్నాడు.

"తెలుసు బావా."

బావ చాలాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. కోపం వస్తే బాగుండుననిపించింది డాక్టరుకి, లేచి ఒక్కటి ఇస్తే ఇంకా బాగుండుననిపించింది.

"నవ్వులు వినపడ్డాయిరా" అన్నాడు బావ చివరికి. "వేరే ఏదో అనుకున్నా. ఇంట్లో ఇంత కష్టంలో కూడా వీడు అక్కడైనా నలుగురితో కాస్త నవ్వుతున్నాడులే, పోనీలే పాపం అనుకున్నా."

డాక్టరు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. అక్క వైపు చూసే ధైర్యం లేదు, చూడకుండా ఉండే ధైర్యమూ లేదు. అక్క వేళ్ళు మిషన్ మీద టకటకా పడుతున్నాయి. ముఖం కందగడ్డలా ఎర్రబడింది. టైపు చేసి, మీట నొక్కింది.

"నీకు బుద్ధి ఉందా," అంది మిషను తియ్యగా. "నువ్వు మనిషివేనా. నా ఎదట నిలబడకు."

ఒక్కో మాటా సమానంగా, మర్యాదగా పలికింది. బ్యాంకులో మీ పని పూర్తయింది అని చెప్పినట్టుంది. అక్క అదే మీట మళ్ళీ నొక్కింది. సౌండు పెంచి ఇంకోసారి నొక్కింది. అంతే తియ్యగా, ఇంకా గట్టిగా, "నీకు బుద్ధి ఉందా" అంది మిషను. అక్క దాన్ని మంచం మీద పడేసింది.

పడేసి, నోరు తెరిచి తిట్టడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు. మెడ మీది గుడ్డ కింద గాలి బుస్సుమంటోంది, పెదాలు కదులుతున్నాయి, చెయ్యి గాల్లో ఊగుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఆ పెదాల మీది ప్రతి మాటా డాక్టరుకి కంఠతా వచ్చు. చిన్నప్పట్నించీ తిన్న తిట్లే. అక్క తిడుతుంటే తల దించుకుని వినడమే అతనికి అలవాటు. ఇప్పుడు తల దించుకుంటే ఆమె ఏమంటోందో తెలియదు. అందుకని కళ్ళు తుడుచుకుని, ఆమె ముఖంలోకే చూస్తూ, ఆమె ఆపేదాకా అలాగే నిలబడ్డాడు.